గాలి దిగిన గడియలు

శనివారం సాయంత్రం నాలుగింటికి నరసరావుపేట కళ్లాసుపత్రిలో మా ఆవిడ పున్నమ్మ కుడికంటికి కట్టు విప్పుతారు. ఆ వేళకి నేనూ, వాళ్లమ్మా మంచం ముందు నిలబడి ఉండాలి. "ముందు మీ ఇద్దర్నే చూడాలి బావా. ఆ తర్వాత ఎవర్ని చూపించినా సరే" అంది పున్నమ్మ.

రెండేళ్లుగా రెండు కళ్లకీ శుక్లాలు ముసిరి, ఎదురుగా ఉన్నది మనిషో గోడో పోల్చుకోలేని స్థితికి వచ్చింది పాపం. నన్ను గోడ అనుకుని చెయ్యి ఆనించిన రోజులున్నాయి. గోడని నేననుకుని తిట్టిన రోజులూ ఉన్నాయి. గోడే నయం, ఎదురు చెప్పలేదు. కుడికంటికి ఆపరేషన్ అయి అయిదు రోజులైంది. ఆవిడ కంటికి కట్టు, ఆవిణ్ణి కట్టుకున్నవాడికి కట్టుబాటు. వాళ్లమ్మని తీసుకురావడానికి నేను బయల్దేరాను.

వాళ్లమ్మ అంటే నాకు అత్త. అంతకుముందే మేనత్త, మా నాన్నకి చెల్లెలు. పెళ్లికి ముందూ అత్తే, పెళ్లయ్యాకా అత్తే. మార్కెట్ యార్డులో నా గుమాస్తా ఉద్యోగానికే కాదు, మా చుట్టరికానికి కూడా ప్రమోషన్ లేదు. పేరు వెంకమ్మ, ఊరు వెల్దుర్తి. మావయ్య మిరపకాయల లోడుతో గుంటూరు పోయి ఉన్నాడు కాబట్టి ఆవిణ్ణి నేనే వెంటబెట్టుకు రావాలి. బస్సులో కూర్చుంటే ఆవిడకి వాంతులు. అందుకని దావూద్ అంబాసిడర్ మాట్లాడుకున్నాను. దావూద్ యాభై ఏళ్ల మనిషి. బండి సొంతం. మాట తక్కువ. అయినా నా పక్కన కూర్చున్నవాడికి మాట్లాడే సందు ఎక్కడ దొరుకుతుంది.

తెల్లవారి అయిదింటికి పేటలో బయల్దేరి, పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల దాటి, ఎనిమిదిన్నరకి అత్త వాకిట్లో దిగాం. మూడున్నర గంటల దారి. వెంటనే తిరుగుముఖం పడితే పన్నెండున్నరకల్లా ఆసుపత్రిలో ఉంటామని నా లెక్క. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలమని నా లెక్కలో లేదు. అత్త లెక్కలో అదొక్కటే ఉంది.

"రాహుకాలంలో గడప దాటతావంట్రా గురునాథం? కళ్ల కాడికి పోతా?"

"తొమ్మిదిలోపే దాటేద్దాం అత్తా."

"అన్నం తినకుండానా? కూర్చో."

రాహుకాలం అన్నమాటలో 'రా' ఉంది గానీ 'పో' లేదు. కూర్చున్నాను.

తొమ్మిది కాకముందే చెయ్యాల్సిన పని అత్త ఒకటి చేసింది. పసుపు కలిపి, పళ్లెంలో కుంకుమ పోసుకుని వచ్చి కారుకి బొట్లు పెట్టింది. ముందు బానెట్‌కి, తర్వాత రెండు దీపాలకి, తర్వాత నాలుగు టైర్లకి. ఎడమపక్క వెనక టైరుకి గాలి కొట్టే వాల్వు మీద మూత లేదు. ఏ గతుకులో రాలిపోయిందో దావూద్‌కే తెలియదు. "ఇదేంది, నోరు తెరుచుకోనుంది" అని అత్త దాని మూతికి కూడా ఇంత పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దింది. అంతా అయ్యాక చూస్తే అంబాసిడర్ పేరంటానికి పోతున్నట్టుంది. దావూద్ చేతులు కట్టుకుని, తన బిడ్డకి ఎవరో గౌను తొడుగుతుంటే చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

పదిన్నరయింది. దావూద్ అలవాటు ప్రకారం టైర్లని కాలితో తన్ని చూసి, ఎడమ వెనకది కాస్త మెత్తగా ఉందని డిక్కీలోంచి చేతిపంపు తీసి పది దెబ్బలు కొట్టాడు. ఎక్కాం. అత్త ఒళ్లో మూట, కాళ్ల దగ్గర మజ్జిగ చెంబు. దావూద్ తాళం తిప్పబోయాడు.

ఎవరో తుమ్మారు.

మార్చి నెలలో వెల్దుర్తిలో మిరపకాయలు ఆరెయ్యని వాకిలి ఉండదు. గాలి విసిరినప్పుడల్లా వీధి వీధంతా తుమ్ముతుంది. ఆ ఊళ్లో ఆ నెలలో తుమ్ము పట్టించుకున్నవాడు పొలానికి కూడా పోలేడు. కానీ అత్త పోయేది పొలానికి కాదు. ఒంటి తుమ్ముకి ఆగాలి, రెండోది పడితే పోవచ్చు. తుమ్మింది పక్కింటి హనుమయ్య.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి బతిమాలాను. "హనుమయ్య మావా, ఇంకోటి తుమ్మవయ్యా. నీకు పుణ్యముంటది."

"రమ్మంటే వచ్చేదా గురునాథం అది" అని హనుమయ్య పాపం సూర్యుడి వైపు ముక్కెత్తి నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుమ్ము తిరిగి రాలేదు. తుమ్మముల్లుకి ఆగిన బండ్లు పల్నాడులో బోలెడు చూశాను గానీ, తుమ్ముకి ఆగిన బండి ఇదే మొదలు.

"దిగండి" అంది అత్త.

దిగి, లోపలికి పోయి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, గడియసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాలి. అది ఆవిడ పద్ధతి. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. చుట్టం చూపుగా వచ్చినవాడికి అది పెద్ద సేపు కాదు. నాకు మాత్రం తలుపుకి వేసే గడియలాగే పడింది.

గడియ తీరి బయటికొచ్చేటప్పటికి ఎడమ వెనక టైరు చతికిలబడి ఉంది.

"చూశావా?" అంది అత్త. "తుమ్ము ఊరికే వచ్చిద్దా?"

"తుమ్మితే టైరు గాలి పోదత్తా."

"గాలి పోయిద్దని ముందే చెప్పింది తుమ్ము."

దావూద్ టైరంతా తడిమాడు. ముల్లు లేదు, మేకు లేదు, గాజుపెంకు లేదు. మళ్లీ పంపు పెట్టి గాలి నింపాడు. పంపు మూతి తగిలి వాల్వు మీది బొట్టు చెదిరింది. అత్త పళ్లెం తెచ్చి మళ్లీ దిద్దింది. టైరు దిగడం కూడా అపశకునమే కాబట్టి మేమూ దిగాం. కాళ్లు కడుక్కున్నాం. నీళ్లు తాగాం. కూర్చున్నాం. పదకొండున్నరకి బయటికొస్తే టైరు మళ్లీ చతికిలబడి ఉంది.

నా ఇరకాటం మీకు అర్థమయ్యే ఉంటుంది. కూర్చుంటే గాలి దిగుతుంది. గాలి దిగితే కూర్చోవాలి. ఒక పక్క పంచాంగం, ఇంకో పక్క పంచరు. రెంటి మధ్య పంచ సర్దుకుంటూ నేను. శకటం కాస్తా సంకటమైంది.

"అత్తా, నా మాట విను. గాలి కొట్టంగానే ఎక్కేసి పోదాం. దారిలో పది మైళ్లకోసారి ఆపి కొట్టుకుంటాం. దావూద్ కొడతాడు, అలిసిపోతే నేను కొడతా."

అత్త గడప మీద కూర్చుని ఉంది. పైకి చూడకుండా చెప్పింది. "మా లక్ష్మక్కకి కంటి ఆపరేషన్‌కి పోయేనాడు బండి చక్రం సీల ఊడింది. ఏం కాదులే అని మా బావ సీల బిగించి తోలుకుపోయాడు. ఆగి కాళ్లు కడుక్కోమంటే నవ్వాడు. అక్కకి ఆ కన్ను రాలా. చచ్చిందాకా రాలా."

నేను ఎగతాళి చెయ్యడానికి తెరిచిన నోరు ఆవలించడానికే అన్నట్టు ఆవలించి మూసుకున్నాను.

"స్టెపినీ వేద్దాం దావూద్" అన్నాను పక్కకి తీసుకెళ్లి.

"స్టెపినీలో ట్యూబు లేదు సార్. నిన్న అతుకుకి ఇచ్చా. ఇయ్యాల ఇస్తానన్నాడు."

"ఇవాళ మనం ఇక్కడున్నాం గదా."

"అందుకే లేదు సార్."

వీధి చివర మక్బూల్ కొట్టుంది. సైకిళ్లు, ఆయిలింజన్లు, టైరు బండ్ల చక్రాలు బాగుచేస్తాడు. కారు టైరు ఏడాదికి రెండు సార్లు చూస్తాడేమో. మళ్లీ గాలి కొట్టి, అది దిగేలోగానే బండిని అక్కడికి చేర్చాం. అత్త కొంగు కింద పళ్లెం పెట్టుకుని వెనకే నడిచి వచ్చింది. మక్బూల్ ఆవిణ్ణి చూసి బీడీ పారేశాడు.

"పెద్దమ్మా, నువ్వెందుకు ఎండన పడి రావడం? అరగంటలో చేసి నేనే పంపిస్తాగా."

"నువ్వు చెయ్యరా. నేను చూస్తంటా. ఆ బొట్లు చెరపబాకు."

"అమ్మో, ఎందుకు చెరుపుతా పెద్దమ్మా."

జాకీ ఎత్తాడు. బొట్టు చెరగకుండా మేకు మొనతో వాల్వులో పిన్ను నొక్కి గాలి వదిలాడు. ఇనప పట్టీలతో టైరు ఊడదీసి ట్యూబు బయటికి లాగి, గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచాడు. గుండ్రంగా తిప్పుతూ చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. ఒకచోట పాత అతుకు అంచు లేచినట్టుంటే, అది గీకి, సొల్యూషన్ రాసి కొత్తది వేశాడు. "ఇదే అయ్యుంటది" అన్నాడు. అయ్యుంటది అన్న మాట విన్నప్పుడే నాకు నమ్మకంలో గాలి కాస్త దిగింది.

టైరు ఎక్కించి గాలి కొట్టాక అత్త బొట్టు దిద్దింది. సరే, ఎక్కండి అన్నాను. ఎక్కలేదు. కొట్టు కాడి నుంచి పయనమేంది, ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టుకుని గడప దాటాలి గదా అంది. ఇంటికొచ్చాం. దేవుడి పటాల ముందు ఆవిడ పావుగంట నిలబడింది. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ. ఆ పావుగంట నేను టైరు ముందు గొంతుక్కూర్చున్నాను. మనిషి నిద్రలోకి జారుకునేటప్పుడు మొహం ఎట్లా వదులవుతుందో, ఆ టైరు నా కళ్ల ముందే అట్లా వదులవుతూ వచ్చింది. చెవి పెట్టి విన్నాను. చప్పుడు లేదు. గాలివార్తలు చాలా విన్నాను గానీ గాలి మాత్రం ఏ వార్తా చెప్పకుండానే పోయింది.

పన్నెండూ యాభై. ఇప్పుడు బయల్దేరినా చేరేది నాలుగూ ఇరవైకి.

పోస్టాఫీసుకి పరిగెత్తాను. ఆసుపత్రికి ట్రంకాల్ చేసి, కట్టు విప్పడం కాసేపు ఆపమందామని. శనివారం, సగం పూటే. తలుపుకి తాళం. రెండింటికి మాచర్ల బస్సుంది. అది పట్టుకుని, అక్కడ సాయంత్రం రైలెక్కితే పేట చేరేది రాత్రికి. ఎటు తిరిగినా వెల్దుర్తే. వీధిలో ఎర్రగా ఆరేసిన మిరపకాయల మధ్య కాలిబాట మీద వెనక్కి నడుస్తుంటే, ఎవరో ఊరి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి నన్ను లోపల పెట్టినట్టనిపించింది. అక్కడ మంచం మీద పున్నమ్మ, చెవులు తలుపు వైపు పెట్టి ప్రతి అడుగుల చప్పుడూ వింటూ ఉంటుంది. ఇది బావ నడక కాదు, ఇదీ కాదు అనుకుంటూ ఉంటుంది.

ఇంటికొచ్చేటప్పటికి మక్బూల్ తొట్టీ సామానూ సైకిలుకి కట్టుకుని తనే వచ్చాడు. అతనికీ రోషం వచ్చింది. కొట్లోంచి పోయిన బండి గంటలోపే కూలబడిందంటే ఊళ్లో పరువు తక్కువ. హనుమయ్య వచ్చి అరుగు మీద కూర్చుని, ఎండకి గాలి పలచబడి కంటికి కనపడని సందుల్లోంచి పోతోందని తేల్చాడు.

"మరి మిగతా మూడు టైర్లకీ ఎండ లేదా మావా?" అన్నాను.

"వాటికి నీడుంది. ఇది పడమర పక్క."

"ఇంకా ఒంటిగంటే గదయ్యా. పడమటెండ ఇంకా రాలా."

"వచ్చిద్దిలే. యాడికి పోయిద్ది" అన్నాడు హనుమయ్య తాపీగా. యాడికీ పోనిది ఎండా, నేనూ.

మక్బూల్ రెండోసారి టైరు విప్పాడు. ట్యూబుకి గాలి పట్టించాడు. "అయిందా? జరుగు" అని అత్త చెదిరిన బొట్టు దిద్దింది. మక్బూల్ ట్యూబుని తొట్టిలో ముంచి తిప్పడం మొదలుపెట్టాడు. నాకు చెయ్యడానికి పనేమీ లేదు. జైల్లో ఉన్నవాడికి గోడ మీద బల్లిని చూసే తీరిక ఉంటుంది చూడండి, ఆ తీరికతో చూస్తూ కూర్చున్నాను. ట్యూబు తిరుగుతోంది గానీ అతని ఎడమ చెయ్యి మాత్రం పట్టిన చోటు వదలడం లేదు. పసిబిడ్డకి తలంటేటప్పుడు మొహాన నీళ్లు పడకుండా అరిచెయ్యి అడ్డం పెడతారే, అట్లా వాల్వు ఉన్న ముక్కని నీళ్లకి జానెడు పైన ఎత్తిపట్టుకున్నాడు.

"మక్బూలూ, ఆ ముక్క ముంచవేం?"

"ఏ ముక్క సార్?"

"నీ చేతిలో ఉన్న ముక్క."

అతను చెయ్యి వంక చూసుకున్నాడు. "బొట్టు కరిగిపోద్ది సార్."

"కరిగితే?"

గొంతు తగ్గించాడు. "ముత్తైదువు పెట్టిన బొట్టు సార్. చెరపబాకు అని పెద్దమ్మ చెప్పనే చెప్పింది. పోయేది కూతురి కళ్ల కోసమాయె. నా చేత్తో ఎట్టా చెరపను?"

"మామూలుగా అయితే వాల్వు ఎట్టా చూస్తావు?"

"మామూలుగా అయితే అన్నిటికన్నా ముందు చూసేది అదే సార్. వేలికి ఇంత ఉమ్మి అద్దుకుని దాని మూతికి రాస్తాం. లీకుంటే బుడగ లేస్తది. నిమిషం పని."

"మరి చూడలేదా?"

మక్బూల్ నన్ను చూసిన చూపులో, ఇంత చదువుకున్నవాడివి ఏం మాటలివి అన్నట్టుంది. "పసుపూ కుంకుమా పెట్టినదానికి ఉమ్మి రాస్తానా సార్? అయినా దావూద్ భాయ్ ఇంటికాడే చూసుకుని తెచ్చుంటాడనుకున్నా."

దావూద్ జాకీ పక్కనుంచి లేచాడు. "నేనా? నేను పంపు తగిలియ్యడమే భయంభయంగా తగిలించా. నువ్వు కొట్లో చూసుంటావనుకున్నా."

"పెద్దమ్మ ఎదురుగానా?"

"నేను మాత్రం పెద్దమ్మ వాకిట్లో చూస్తానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహమాటం అంటే మాటలు మాని మొహాలే మాట్లాడుకోవడమని అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఉమ్మి రాయకపోవడం ఇద్దరి ఉమ్మడి తప్పు. పొద్దుటి నుంచీ నా ప్రాణం తోడేస్తున్న ఆ టైరుని, ఆ ఊళ్లో అందరూ ఎంత మర్యాదగా చూసుకున్నారో అర్థమై నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏందయ్యా ఆ గుసగుసలు?" అంది అత్త గడప మీద నుంచి.

నేను చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. వాల్వొక్కటే ఎవరూ చూడలేదనీ, చూడాలంటే బొట్టు తుడిచి ఉమ్మి రాయాలనీ. మధ్యలో ఒక్క చమత్కారం కూడా వెయ్యలేదు. టైమూ లేదు, ధైర్యమూ లేదు.

అత్త లేచి వచ్చి ట్యూబు ముందు నిలబడింది. పళ్లెంలో ఎండిన పసుపు అంచుల్ని బొటనవేలితో గీరుతోంది. కూతురి కళ్ల దగ్గరికి పోతూ, తను పెట్టిన బొట్టు తనే తుడవాలి. వద్దంటే ఇక్కడే ఉండిపోవాలి. ఆ వాకిట్లో ఇరుక్కున్నది నేనొక్కణ్ణే కాదని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఉమ్మితో తెలిసిద్దంట్రా మక్బూలు?"

"తెలిసిద్ది పెద్దమ్మా. కానీ నేను..."

"నువ్వొద్దులే." ఆవిడ గొంతుక్కూర్చుంది. "మా పున్నమ్మకి అయిదేళ్లప్పుడు కంట్లో మిరపగింజ తుంపు పడింది. ఈ వాకిట్లోనే. ఊదారు, నీళ్లు కొట్టారు, ఎవరి వల్లా కాలా. నేనే రెప్ప తిరగేసి నాలిక కొసతో తీశా. అప్పుడు ఎంగిలని చూసుకున్నానా?"

కొంగుతో వాల్వు మూతి తుడిచింది. వేలు నాలిక్కి అద్దుకుని, ఆ తడి దాని మీద రాసింది. మేం ముగ్గురం తలలు వంచాం. అరుగు దిగి హనుమయ్య కూడా వంచాడు.

మొదట ఏం కాలేదు. తర్వాత ఆ తడి పొర నెమ్మదిగా ఉబ్బింది. పసుప్పచ్చని బుడగ, పెసరగింజంత, శనగ్గింజంత. పగిలింది. ఇంకోటి లేచింది.

"అదిగో" అన్నాడు మక్బూల్.

చిన్న పనిముట్టుతో వాల్వులోని పిన్ను మర తిప్పి బయటికి తీశాడు. దాని చుట్టూ పసుపు, గడ్డ కట్టి, మధ్యలో ఎర్రెర్రని కుంకుమ రేణువులతో అంటుకుని ఉంది. మూతి మీద పెట్టిన ప్రతి బొట్టునీ ఆ తర్వాత పెట్టిన పంపు లోపలికి తోసింది. పిన్ను సరిగ్గా మూసుకోవడం మానేసింది. ఎన్నిసార్లు గాలి కొట్టామో అన్నిసార్లు అత్త దిద్దింది, ఎన్నిసార్లు దిద్దిందో అన్నిసార్లు గాలి దిగింది.

అత్త అది అరచేతిలోకి తీసుకుని చూసింది. "అంటే నేను పెట్టిందేనా, నా బిడ్డ దగ్గరికి నన్ను పోనియ్యంది?"

మక్బూల్ ఆ పిన్నుని ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు.

"కాదు పెద్దమ్మా" అన్నాడు మక్బూల్. "మూత లేకపోవడం వల్ల. మూతుంటే నువ్వు ఎంత పెట్టినా ఏం కాదు."

"మూత నాది" అన్నాడు దావూద్. "తప్పూ నాదే అమ్మా."

పిన్నుని కిరసనాయిల్లో కడిగి, ఊది, వాల్వు లోపల గుడ్డ పురితో తుడిచి బిగించాడు మక్బూల్. తన కొట్లో ఉన్న టైరు బండి చక్రపు వాల్వు మూత ఒకటి ఊడదీసుకొచ్చి తొడిగాడు. అప్పటికి రెండవుతోంది. గాలి కొట్టడం అయ్యాక అందరం అలవాటు కొద్దీ అత్త వైపు చూశాం. ఆవిడ పళ్లెం గోడవారగా పెట్టేసి, మూట తీసుకుని, కాళ్లు కడుక్కోకుండా, కూర్చోకుండా, సూటిగా వచ్చి కారెక్కింది. దావూద్ తాళం తిప్పాడు.

హనుమయ్య తుమ్మాడు. ఒక్కటే తుమ్మాడు. పాపం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ తుమ్మాడు. దావూద్ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"పోనీ" అంది అత్త.

దారి పొడుగునా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక టైరునే చూస్తూ కూర్చుంది. టైరు బ్రహ్మాండంగా ఉంది. నాలుగయ్యేటప్పటికి మేం ఇంకా గురజాల దాటలేదు. నేను వాచీ చూశాను. అత్త నన్ను చూసింది. వాచీ విప్పి జేబులో వేసుకున్నాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగలో రైలు గేటు పడితే పది నిమిషాలు ఆగాం. కట్టు విప్పేసి ఉంటారు. ముందుగా ఏ డాక్టర్నో, గోడ మీది క్యాలెండర్నో చూసేసి ఉంటుంది. చూసి, మా ఇద్దరి కోసం ఇటూ అటూ వెతుక్కుని ఉంటుంది.

అయిదున్నరకి ఆసుపత్రి మెట్లెక్కాం. వార్డు గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. మనిషి చెమటతో ముద్దయి ఉన్నాడు.

"మీరేనా ఆవిడ భర్త? మీరసలు మనిషేనా?" అన్నాడు. "నాలుగింటికి కట్టు తీశాను. రెప్ప తెరవమ్మా అంటే తెరవదు. టార్చి వేసి చూద్దామంటే చెయ్యి అడ్డం పెట్టేసింది. గంటన్నర. కన్ను పోయిందేమోనని నా గుండె ఆగిపోయింది."

పున్నమ్మ మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉంది. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని. నర్సు ఆపరేషన్ అయినవాళ్లకి ముందుగా ఇచ్చే లావు అద్దాల కళ్లజోడు చేత్తో పట్టుకుని, విసుగ్గా నిలబడి ఉంది.

"ఎవరూ?" అంది పున్నమ్మ.

"నేనే తల్లీ" అంది అత్త.

నర్సు జోడు పెట్టింది. పున్నమ్మ రెప్పలు నిదానంగా విడిపోయాయి. ఆ అద్దాల వెనక ఆవిడ కుడికన్ను ఇంత పెద్దదిగా, తడిగా, కొత్తగా ఉంది. ముందు వాళ్లమ్మని చూసింది. "ఏందమ్మా, ఇంత చిక్కిపోయావు" అంది. అత్త కూతురి చెంపలు తడుముతూ నిలబడింది.

తర్వాత నా వైపు తిరిగింది. నెరిసిన జుట్టు దగ్గర మొదలుపెట్టి, పొట్ట మీద కాస్త ఆగి, చెప్పుల దాకా చూసింది. మళ్లీ పైకొచ్చింది. ఈ సమయానికని గురజాల నుంచీ నేను అయిదారు మంచి మాటలు కూర్చి పెట్టుకున్నాను. అద్దం మీద ఒకటి, చూపు మీద రెండు. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"అమ్మా, ఎవరీయన?" అంది పున్నమ్మ.

"మీ బావేనే."

"కాదు. మా బావయితే ఈపాటికి పది మాటలనేవాడు. నువ్వెవరో పెద్దమనిషిని తీసుకొచ్చావు."

"నేనే పున్నా" అన్నాను.

పున్నమ్మ తల కాస్త పక్కకి వంచి, రెండేళ్ల నుంచీ చేస్తున్నట్టే, ఆ గొంతుని విని చూసుకుంది.

"ఆఁ, ఇప్పుడు కనపడ్డావు" అంది.